తూటా తగలని వాడికి ధైర్యం దేనికి? – సూపర్‌హీరోలో వీరత్వం ఎక్కడుందనే చర్చ

పాతసంచిక (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. మా అబ్బాయికి పదేళ్లు. పోయిన ఆదివారం ఇద్దరం కలిసి సూపర్‌మాన్ కథల సంపుటం ఒకటి చదువుతుండగా వాడు అడిగిన ప్రశ్న నన్ను వారం రోజులుగా వదలడం లేదు. "తూటా తగిలినా ఏమీ కాని వాడికి ధైర్యం దేనికమ్మా? ఏమీ కాదని తెలిసే ఎదురు వెళ్తున్నాడు కదా" అన్నాడు. ఇతరులను కాపాడుతున్నాడు కదా అని అప్పటికి సర్దిచెప్పాను గానీ, అది జవాబు కాదని వాడికీ తెలిసింది, నాకూ తెలిసింది.

మన భాషలో ఈ చిక్కు మరికొంత ముదిరిందని నాకు అనిపిస్తోంది. హీరో అనగానే మనకు సినిమా కథానాయకుడు గుర్తుకొస్తాడు. కథలో ప్రధాన పాత్ర అనే అర్థమూ, వీరుడు అనే అర్థమూ ఆ ఒక్క మాటలో కలిసిపోయి, పోస్టరు మీద పెద్ద బొమ్మ ఎవరిదైతే ఆయనే వీరుడన్న భావం మనకు తెలియకుండానే స్థిరపడింది. అమెరికా కామిక్స్‌ను ఏళ్ల తరబడి శ్రద్ధగా చదివినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. శక్తులను పక్కన పెట్టి చూస్తే ఆ పాత్రల్లో వీరత్వం అని చెప్పదగినది ఏముందో, ఏ సంచికలో ఏ సన్నివేశమో చూపిస్తూ చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కృష్ణాతీరం

పాతసంచిక గారూ, సూపర్‌మాన్‌ను కాసేపు పక్కన ఉంచి, స్పైడర్‌మాన్ పుట్టిన కథను మీ అబ్బాయికి చదివి వినిపించండి. 1962 ఆగస్టు తేదీతో వచ్చిన అమేజింగ్ ఫాంటసీ 15వ సంచికలో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కలిసి చేసిన ఆ కథ మొత్తం పదకొండు పేజీలే. శక్తులు వచ్చిన తర్వాత పీటర్ పార్కర్ (స్పైడర్‌మాన్ అసలు పేరు ఇదే) మొదట చేసిన పని ఎవరినో కాపాడటం కాదు. ముసుగు వేసుకుని టెలివిజన్ ప్రదర్శనలతో డబ్బు సంపాదించాలని చూశాడు. పోలీసు కేకలు వేస్తున్నా, తన ముందు నుంచే పారిపోతున్న దొంగను అది తన పని కాదన్నట్టు వదిలేశాడు. తర్వాత అదే దొంగ చేతిలో, తనను పెంచిన అంకుల్ బెన్ ప్రాణం పోయింది.

ఆ కథ చివర పీటర్ పోరాటంలో గెలుస్తాడన్న సంగతిని చాలామంది గమనించరు. హంతకుణ్ణి పట్టుకుంటాడు, పోలీసులకు అప్పగిస్తాడు, కానీ ఆ ముఖాన్ని గుర్తుపట్టిన క్షణంలోనే ఆ గెలుపు విలువంతా పోతుంది. శక్తి వెంట బాధ్యత కూడా వస్తుందన్న ప్రసిద్ధమైన మాట చివరి బొమ్మలో కథకుడి మాటగా ఉంటుందే తప్ప అంకుల్ బెన్ నోట రాదు. ఆయన నోట దాన్ని పెట్టింది తర్వాతి కాలం వారు. నాకు మొదటి పద్ధతే ఎక్కువ నచ్చుతుంది. పెద్దలు చెబితే విన్న నీతికీ, తాను చేసిన తప్పు కళ్లెదుట నిలబడినప్పుడు తెలిసివచ్చిన నిజానికీ చాలా దూరం ఉంది.

ఇక వీరత్వాన్ని బొమ్మల్లో చూపమంటే నేను 1966 ఫిబ్రవరి నాటి అమేజింగ్ స్పైడర్‌మాన్ 33వ సంచికను చూపిస్తాను. మోయలేనంత బరువైన యంత్రం కింద పీటర్ నలిగిపోయి ఉంటాడు. పైకప్పు నుంచి నీళ్లు కారుతుంటాయి. అంకుల్ బెన్ భార్య ఆంట్ మే ప్రాణం నిలబెట్టే మందు చేతికి అందనంత దూరంలో నేల మీద ఉంటుంది. ఆ పేజీల్లో ఎదురుగా శత్రువు ఎవరూ లేరు. చూసి చప్పట్లు కొట్టేవారూ లేరు. ఒకసారి నేను తప్పిపోయాను, మళ్లీ తప్పిపోను అన్న పట్టుదల తప్ప అతని దగ్గర మరేమీ లేదు. డిట్కో ఒక్కో పేజీకి బొమ్మల పరిమాణం పెంచుకుంటూ పోయి, యంత్రం లేచే ఘట్టాన్ని నిండు పేజీలో గీశారు. నాకు తెలిసినంతలో సూపర్‌హీరో అన్న మాటకు అంతకంటే మంచి నిర్వచనం లేదు.

న్యాయపక్షం

కృష్ణాతీరం గారి అభిమానాన్ని గౌరవిస్తూనే ఒక అభ్యంతరం చెప్పదలచుకున్నాను. పశ్చాత్తాపం, పట్టుదల, త్యాగం, ఇవన్నీ ఉన్నా వీరుడు కాని పాత్రలు అవే కామిక్స్‌లో ఉన్నాయి.

1986–87లో అలన్ మూర్, డేవ్ గిబ్బన్స్ పన్నెండు సంచికలుగా వెలువరించిన వాచ్‌మెన్‌లో ఓజిమాండియస్‌ను తీసుకోండి. అతడు తండ్రి ఆస్తిని వదులుకున్నవాడు, అణుయుద్ధం నుంచి మానవజాతిని కాపాడాలని నిజంగానే కోరుకున్నవాడు. ఆ ఉద్దేశంతోనే న్యూయార్క్‌లో లక్షలాది మందిని చంపాడు. ఆ చావుల భారాన్ని మోస్తున్నానని కూడా చెప్పుకున్నాడు. త్యాగమే కొలమానమైతే అతణ్ణి ఏ గాటన కడతాం?

ధైర్యమే కొలమానమైతే, నేరస్థులను తానే చంపుతూ తిరిగే పనిషర్ ఉన్నాడు. 1974 ఫిబ్రవరి నాటి అమేజింగ్ స్పైడర్‌మాన్ 129వ సంచికలో అతడు మొదట స్పైడర్‌మాన్‌ను చంపడానికి వచ్చినవాడిగా కనిపించాడు. అతడికి ఏ అతీత శక్తీ లేదు, తూటా తగిలితే చస్తాడు, కాబట్టి పాతసంచిక గారి అబ్బాయి లెక్క ప్రకారం సూపర్‌మాన్ కంటే అతడే ధైర్యవంతుడు. భార్యాబిడ్డలను పోగొట్టుకున్న దుఃఖమూ ఉంది. అయినా ఆ పాత్ర సృష్టికర్తల్లో ఒకరైన జెర్రీ కాన్వే, పోలీసులు పనిషర్ పుర్రె గుర్తును ధరించడాన్ని బహిరంగంగా ఖండించారు. 2019లో వచ్చిన ఒక సంచికలో పనిషర్ తానే, తనను ఆరాధించే పోలీసుల దగ్గర ఆ గుర్తును చింపేసి, మీరు చేసిన ప్రమాణం వేరు, నేను నడిచిన దారి వేరు, ఆదర్శం కావాలంటే కెప్టెన్ అమెరికాను చూడండని చెబుతాడు. రచయితలకే తేడా స్పష్టంగా తెలుసు. ఆ తేడాకు పేరు పెట్టడమే మనం చేయవలసిన పని.

కృష్ణాతీరం

న్యాయపక్షం గారు చెప్పినది నిజమే. నేను చెప్పిన గుణాలు అవసరమే గానీ సరిపోవని ఒప్పుకుంటున్నాను. అయితే ఆ తేడా నిగ్రహంలో ఉందేమో ఆలోచించండి. చంపగలిగి ఉండీ చంపకపోవడం. బ్యాట్‌మాన్ నిలబడింది ఆ ఒక్క గీత మీదనే కదా.

చిత్రలేఖ

బొమ్మలు వేయడం నా వృత్తి కాబట్టి పాత సంచికలను కాస్త దగ్గరగా చూసే అలవాటు ఉంది. బ్యాట్‌మాన్ నిగ్రహం గురించి ఒక మాట చెప్పాలి. 1939లో డిటెక్టివ్ కామిక్స్ 27వ సంచికలో బాబ్ కేన్, బిల్ ఫింగర్ ప్రవేశపెట్టిన బ్యాట్‌మాన్‌కు ఆ గీత లేదు. ఆ మొదటి కథలోనే అతని దెబ్బకు నేరస్థుడు ఆమ్లపు తొట్టిలో పడి చనిపోతే, అలాంటివాడికి తగిన చావే అంటాడు. 1940లో బ్యాట్‌మాన్ 1వ సంచికలో విమానానికి అమర్చిన మెషీన్‌గన్‌తో కాలుస్తాడు కూడా. ఆ తర్వాతే సంపాదకుడు విట్నీ ఎల్స్‌వర్త్ ఇకపై హత్యలూ తుపాకులూ వద్దని నిర్ణయించారు. అదే సంచికలో బ్యాట్‌మాన్ శత్రువు జోకర్ చనిపోవలసి ఉండగా, అలాంటి పాత్రను పోగొట్టుకోవడం ఇష్టం లేక ఆయనే బ్రతికించారు. అంటే, మనం వీరత్వపు శిఖరంగా చెప్పుకునే నియమం ఒక కార్యాలయంలో, పిల్లల పత్రికల అమ్మకాలు చూసుకునే వారి జాగ్రత్తలోంచి పుట్టింది.

దీనివల్ల ఆ నియమం విలువ తగ్గిపోతుందని నేను అనడం లేదు. పుట్టుక ఎలాంటిదైనా, తర్వాత దాన్ని మోసిన తీరులో అది నిజమైంది. 1988లో జోకర్ చేతిలో జేసన్ టాడ్ అనే రెండవ రాబిన్ (బ్యాట్‌మాన్ వెంట ఉండే బాల సహచరుడి పేరు రాబిన్) చనిపోయాడు; ఆ బాలుడు ఉండాలా పోవాలా అన్నది పాఠకులే ఫోన్ చేసి ఓట్లతో తేల్చారు. పోవాలన్నవారు 5,343 మంది, ఉండాలన్నవారు 5,271 మంది, తేడా డెబ్బై రెండు ఓట్లు మాత్రమే. ఆ సంఖ్యలు గుర్తుకొచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. కానీ కన్నకొడుకు లాంటివాణ్ణి చంపినవాడి ముందు కూడా ఆ గీత చెరగలేదు కాబట్టే, అప్పటిదాకా సంపాదకుడిదిగా ఉన్న నియమం ఆ రోజు నుంచి బ్యాట్‌మాన్ సొంతమైందని నేను నమ్ముతాను.

అయినా నిగ్రహం వీరత్వంలో సగమే. చేయకూడనిది చేయకపోవడం సజ్జనుడి లక్షణం. వీరుడు చేయవలసినది కూడా చేయాలి. అందుకు 1938 జూన్ తేదీతో వచ్చిన యాక్షన్ కామిక్స్ 1వ సంచికకు వెళ్లాలి. ఆ సూపర్‌మాన్ ఎగరలేడు, మైలులో ఎనిమిదో వంతు దూరం దూకుతాడు. తుపాకీ తూటా గుచ్చుకోదు గానీ పేలే ఫిరంగి గుండు చర్మాన్ని చీల్చగలదని ఆ కథలోనే రాసి ఉంది. ఆ పదమూడు పేజీల్లో అతడు ఏం చేశాడో చూడండి. చేయని హత్యకు మరణశిక్ష పడిన స్త్రీని కాపాడటానికి అర్ధరాత్రి గవర్నరు ఇంటి తలుపు బద్దలు కొట్టాడు. భార్యను కొడుతున్నవాడిని గోడకేసి కొట్టాడు. దేశాన్ని యుద్ధంలోకి లాగాలని చూస్తున్న సెనేటరు, దళారుల వెంటపడ్డాడు. వేరే గ్రహం నుంచి దండెత్తి వచ్చిన రాక్షసుడు ఒక్కడూ లేడు. ఎనిమిదో సంచికలో మురికివాడను కూల్చేస్తాడు, ప్రభుత్వం అక్కడ మంచి ఇళ్లు కట్టక తప్పని స్థితి కల్పించడానికి. అణగారినవారి అండ అని రచయితలు పెట్టిన బిరుదుకు తగిన పనులు ఇవి.

ఆ పాత్ర సృష్టికర్తలు క్లీవ్‌లాండ్‌కు చెందిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే యువకులు. 1932లో తన దుకాణంలో దోపిడీ జరుగుతున్నప్పుడే సీగెల్ తండ్రి మరణించారు. వారు 130 డాలర్లకు పాత్ర హక్కులన్నీ వదులుకున్నారు. 1975లో నీల్ ఆడమ్స్ వంటి చిత్రకారులు పట్టుబట్టి పోరాడిన తర్వాత గానీ వారికి ఏడాదికి 20,000 డాలర్ల భృతి, కథల మీద వారి పేరు దక్కలేదు. బలవంతుడు బలహీనుడి పక్షాన నిలబడితే ఎంత బాగుంటుందోనన్న కోరికలోంచి పుట్టిన పాత్ర ఇది. ఆ కోరిక కన్నవారికే అన్నేళ్లు అందలేదన్నది నేను మరచిపోలేని విషయం.

రసజ్ఞ

చర్చను ఆసక్తితో చదువుతున్నాను. కామిక్స్ నాకు మనుమల ద్వారా పరిచయమైనవి. నేను పాఠం చెప్పింది అలంకారశాస్త్రం. మీరంతా వెతుకుతున్న పేరు ఆ శాస్త్రంలో ఉందని నా నమ్మకం.

వీరరసానికి స్థాయిభావం, అంటే ఆ రసానికి మూలంగా మనసులో నిలిచి ఉండే భావం, ధైర్యం అని చాలామంది అనుకుంటారు. కాదు, ఉత్సాహం. చేయవలసిన పని వైపు మనసు తనంతట తాను ముందుకు ఉరకడమే ఉత్సాహం. భయం ఉందా లేదా అన్నది దానికి సంబంధించిన ప్రశ్న కాదు. కాబట్టి పాతసంచిక గారి అబ్బాయి అన్నది అక్షరాలా సరైనది, తూటా గుచ్చుకోని వాడి దగ్గర ధైర్యం వెతకడం వృథా. కానీ అంతమాత్రాన అతడు వీరుడు కాకుండా పోడు. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో వీరులను దానవీరుడు, ధర్మవీరుడు, యుద్ధవీరుడు, దయావీరుడు అని నాలుగు విధాలుగా చెప్పి, దయావీరుడికి ఉదాహరణగా జీమూతవాహనుణ్ణి చూపించాడు. గరుడుడికి ఆహారం కావలసిన నాగుడి స్థానంలో తన శరీరాన్ని పెట్టినవాడు అతడు. కత్తి పట్టలేదు, ఎవరినీ ఓడించలేదు. మన పోతన భాగవతంలో రంతిదేవుడు నలభై ఎనిమిది రోజులు తిండీ నీరూ లేకుండా ఉండి, దొరికిన కాసిని నీళ్లనూ దప్పికతో వచ్చినవాడికి ఇచ్చేశాడు. అదీ వీరమే.

పనిషర్ యుద్ధవీరుడు కావచ్చు. న్యాయపక్షం గారు చెప్పిన ఓజిమాండియస్ తన లెక్కలో ధర్మవీరుడు అనిపించుకోవచ్చు. సూపర్‌హీరో అన్న మాటకు నిజంగా తగినవాడు దయావీరుడు. మరొక ఉపమానం చెబుతాను. గజేంద్రమోక్షంలో మొర వినగానే విష్ణువు లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు అందుకోడు, పరివారాన్ని పిలవడు, అలాగే బయలుదేరతాడు. మొసలి వల్ల ఆయనకు ఆపద ఏముంది? ఏమీ లేదు. అయినా ఆ పద్యం చదివినప్పుడు మన ఒళ్లు గగుర్పొడిచేది ఆయన బలాన్ని చూసి కాదు, ఆ తొందరను చూసి. సూపర్‌మాన్‌గా మారడానికి చొక్కా గుండీలు తెంపుకుంటూ పరుగెత్తే క్లార్క్ కెంట్ బొమ్మను మనుమడు చూపించినప్పుడు నాకు గుర్తుకొచ్చింది ఆ పద్యమే.

కృష్ణాతీరం

రసజ్ఞ గారికి నమస్కారం. మీ మాటతో వాచ్‌మెన్‌లోని మరొక పాత్ర నాకు ఇప్పుడు అర్థమైంది. డాక్టర్ మాన్‌హట్టన్ అణువులను కూడా శాసించగలడు, అతణ్ణి ఎవరూ ఏమీ చేయలేరు. వియత్నాంలో ఒక గర్భిణిని కమెడియన్ అనే మరో పాత్ర అతడి కళ్లెదుటే కాల్చేస్తుంటే వద్దంటాడే గానీ ఆపడు. నువ్వు తలచుకుంటే ఈ తుపాకీని ఆవిరి చేసేవాడివి కదా, చేయలేదే అని చంపినవాడే అతణ్ణి నిలదీస్తాడు. శక్తి అనంతం, ఉత్సాహం శూన్యం. సూపర్‌మాన్‌కూ అతడికీ మధ్య తేడా ఎంత ఆలోచించినా ఇన్నాళ్లూ నాకు మాటల్లోకి రాలేదు.

న్యాయపక్షం

దయావీరుడు అన్న పేరును సంతోషంగా స్వీకరిస్తున్నాను, ఒక షరతుతో. దయకు చూపు కూడా ఉండాలి. 1970లో డెన్నీ ఓ'నీల్ రాయగా నీల్ ఆడమ్స్ బొమ్మలు వేసిన గ్రీన్ లాంటర్న్ 76వ సంచికలో, వీధిలో దెబ్బలు తింటున్న ఒక పెద్దమనిషిని గ్రీన్ లాంటర్న్ కాపాడతాడు. తర్వాత తెలుస్తుంది, అతడు పేదలను ఇళ్ల నుంచి వెళ్లగొట్టబోతున్న భవన యజమాని. అప్పుడు ఒక నల్లజాతి వృద్ధుడు వచ్చి, నీలిరంగు చర్మం వారికీ, నారింజరంగు చర్మం వారికీ ఎక్కడెక్కడో గ్రహాల మీద సాయం చేశావట, నల్లవాళ్ల సంగతి నీకెప్పుడూ పట్టలేదేమని అడుగుతాడు. గ్రీన్ లాంటర్న్ తల వంచుకుంటాడు, జవాబు చెప్పలేకపోతాడు.

అతడిలో ఉత్సాహానికి లోటు లేదు, కాపాడాలన్న తపనకూ లోటు లేదు. ఎవరి మొర తన చెవిన పడుతోందో ఎన్నడూ పరీక్షించుకోలేదు, అంతే. తల వంచుకున్న ఆ బొమ్మలోనే అతడు నాకు మొదటిసారి వీరుడిగా కనిపించాడు, ఎందుకంటే తన శక్తులన్నిటికీ మూలమైన ఉంగరంతో కప్పిపుచ్చుకోగలిగినవాడు కూడా ఆ ప్రశ్న ముందు నిలబడి దాన్ని తనలోకి దిగనిచ్చాడు.

హడ్సన్ ఒడ్డు

నేను ఉండేది అమెరికాలోని జెర్సీ సిటీలో. 2014లో జి. విల్లో విల్సన్ రచనలో మొదలైన మిజ్ మార్వెల్ కథ జరిగేది మా ఊళ్లోనే కాబట్టి ఆ సంచికలను ప్రత్యేకమైన ఇష్టంతో చదివాను. కమలా ఖాన్ పాకిస్తానీ కుటుంబపు పిల్ల. శక్తులు రాగానే ఆమె తనకు తెలియకుండానే తెల్లని చర్మం, బంగారు రంగు జుట్టు ఉన్న పాత మిజ్ మార్వెల్ రూపంలోకి మారిపోతుంది. వీరుడంటే అలాగే ఉండాలని ఆమెకు కూడా లోపల నాటుకుపోయింది కదా. ఇక్కడ పెరుగుతున్న మన తెలుగు పిల్లలను రోజూ చూస్తున్న నాకు ఆ పేజీ దగ్గర గొంతు పట్టేసింది.

ఆమె మొదట కాపాడినది నీళ్లలో మునిగిపోతున్న జోయీ అనే అమ్మాయిని. తనను, తన స్నేహితులను చిన్నబుచ్చిన అమ్మాయి ఆమే. ఆ క్షణంలో కమలకు గుర్తుకొచ్చింది తండ్రి చెప్పే ఖురాన్ వాక్యం, ఒక్క ప్రాణాన్ని కాపాడటం మానవజాతినంతా కాపాడటంతో సమానమని. రసజ్ఞ గారు రంతిదేవుణ్ణి తలచినట్టే ఆ పిల్ల తన ఇంటి మాటను తలచుకుంది. సూపర్‌హీరో దుస్తులు అమెరికావే కావచ్చు, ముందుకు ఉరికించే మాట మాత్రం ఎవరి ఇంట్లోంచి వారికి రావచ్చునని నాకు అనిపించింది.

చిత్రలేఖ

పాతసంచిక గారూ, మీ అబ్బాయికి చూపించడానికి ఒక్క పేజీ అడిగితే నేను ఆల్‌స్టార్ సూపర్‌మాన్ 10వ సంచికలోని పేజీని సూచిస్తాను. 2008లో వచ్చింది, రచన గ్రాంట్ మారిసన్, బొమ్మలు ఫ్రాంక్ క్వైట్లీ. ఎత్తైన భవనం అంచున ఒక అమ్మాయి దూకడానికి సిద్ధంగా నిలబడి ఉంటుంది. సూపర్‌మాన్ ఆమె వెనుకగా వచ్చి భుజం మీద చెయ్యి వేసి, నీ డాక్టరు నిజంగానే ఆలస్యమయ్యారమ్మా, నువ్వు అనుకుంటున్నదానికంటే నువ్వు చాలా బలమైనదానివి అన్న అర్థం వచ్చే రెండు మాటలు చెబుతాడు. ఆమె అతణ్ణి పట్టుకుని ఏడుస్తుంది. గాలిలో పట్టుకోవడం లేదు, ఎగరడం లేదు. ఆ కథలో అతడు తానే మరణానికి దగ్గరవుతున్నాడు, చేయవలసిన పనులు లెక్కలేనన్ని ఉన్నాయి. అయినా ఆ అంచున నిలబడటానికి సమయం తీసుకున్నాడు. చిత్రకారిణిగా చెబుతున్నాను, ప్రపంచంలోకెల్లా బలమైన చేతిని అంత తేలికగా ఒక భుజం మీద ఆనినట్టు గీయడం చాలా కష్టం.

పాతసంచిక

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. రసజ్ఞ గారి మాట ప్రకారం మా అబ్బాయితో ముందుగా, నీ ప్రశ్న సరైనదే, తూటాల ముందు సూపర్‌మాన్ చూపించేది ధైర్యం కాదు అని ఒప్పుకున్నాను. వాడికి అది చాలా నచ్చింది. తర్వాత చిత్రలేఖ గారు చెప్పిన పేజీ చూపించాను. ఆ వయసు పిల్లవాడికి ఆ సన్నివేశం చూపించవచ్చా అని తటపటాయించి, పక్కన కూర్చుని నెమ్మదిగా వివరించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, డాక్టరు ఆలస్యమైన సంగతి అతడికి ఎలా తెలిసిందని అడిగాడు. దూరంలోని మాటలు కూడా అతడికి వినిపిస్తాయి కదా అన్నాను. "అన్నీ వినిపిస్తుంటే రాత్రి ఎలా నిద్రపోతాడు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, కానీ తూటాల గురించి అడిగిన ప్రశ్న కంటే ఇది నాకు మరింత ఇష్టమైన ప్రశ్న.

ఈ వారం స్పైడర్‌మాన్ 33వ సంచిక చదవాలనుకుంటున్నాం. కృష్ణాతీరం గారూ, అది ఒక్కటే చదివితే అర్థమవుతుందా?

కృష్ణాతీరం

31 నుంచి మొదలుపెట్టండి, పాతసంచిక గారూ. ఆ మూడు సంచికలూ కలిపి ఒకే కథ. ఆంట్ మే ఆసుపత్రిలో చేరిన దగ్గర నుంచి చదివితేనే, ఆ మందు సీసా అందనంత దూరంలో పడి ఉన్న బొమ్మ దగ్గర మీ అబ్బాయికి దాని బరువు తెలుస్తుంది.